అమ్మగారితో ప్రాగ్ ఒక్కరోజు: మెట్లు లేని దారి ఉంది

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి ఒక్కరోజులో ప్రాగ్ చూపించగలనా అని అడిగారు. తప్పకుండా చూపించగలరు.

ప్రాగ్ కోట కొండ మీద ఉందని దిగులుపడకండి. 22వ నంబరు ట్రామ్ ఎక్కి ప్రాజ్‌స్కీ హ్రాడ్ స్టాపులో దిగండి. అక్కడినుంచి దారి దాదాపు చదునుగానే ఉంటుంది. కోటలోని సెయింట్ వైటస్ కేథడ్రల్ అనే పెద్ద చర్చిలో చెక్ చిత్రకారుడు ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ దగ్గర ఆమెను కాసేపు కూర్చోనివ్వండి.

పాత ఊరి టౌన్‌హాల్ గోడమీదున్న 1410 నాటి ఖగోళ గడియారం దగ్గరికి గంట కొట్టే సమయానికి పది నిమిషాల ముందే చేరండి. అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట మోగిస్తుంది, పైన యేసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు వరుసగా కనిపిస్తాయి, చివర్లో బంగారు కోడి కూస్తుంది. నాకైతే ఊరంతటిలో ఇదే ఇష్టం. ఆ టౌన్‌హాల్ టవరుకు లిఫ్టు ఉంది.

చార్లెస్ వంతెనకు తెల్లవారుజామునే వెళ్లండి. రాళ్లు పరిచిన దారులు కాబట్టి ఆమెకు మెత్తటి బూట్లు వేయించండి.