సానా తర్వాత బొండామా, మజ్జిగా?

ప్రశ్న: మా జిమ్‌లో ఈమధ్య సానా (చెమట పట్టించే వేడి గది) పెట్టారండి. వారానికి మూడు రోజులు, 80 డిగ్రీల దగ్గర పావుగంట చొప్పున రెండుసార్లు కూర్చుంటున్నాను. బయటికి రాగానే ఒక బొండాం, ఆ వెంటనే లీటరు నీళ్లు తాగేస్తాను. అయినా రాత్రికి తల పట్టేస్తోంది. ఇంకా ఏం తాగాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఒకసారి బీపీ చూపించుకోండి. అది బాగానే ఉంటే, అనుమానించాల్సింది ఉప్పుని. మీరు నీళ్లు తక్కువేం తాగట్లేదు. లీటరు చెమటలో సుమారు గ్రాము సోడియం పోతుంది, వంట ఉప్పు లెక్కలో రెండున్నర గ్రాములు. మనిషిని బట్టి ఇది బాగా మారుతుంది. వేసుకున్న బనీను ఆరాక తెల్లగా చారలు కడితే మీది ఉప్పు చెమటే. బొండాంలో దండిగా ఉండేది పొటాషియం, సోడియం కొంచెమే. గంగాబొండాం కొట్టించుకున్నా అంతే. దానిమీద లీటరు నీళ్లు ఒక్కసారే దించితే రక్తం పల్చబడుతుంది, ఆ ఎక్కువ నీటిని కిడ్నీలు కాసేపట్లోనే తోసేస్తాయి. తాగింది ఒంట్లో నిలవదు.

ఎంత తాగాలో కాటా చెబుతుంది. లోపలికి వెళ్లేముందు బరువు చూసుకోండి. వచ్చాక స్నానం చేసి, పొడిగా తుడుచుకుని, అవే పొడి బట్టలతో మళ్లీ చూడండి. తడి తువ్వాలు భుజాన వేసుకుని ఎక్కితే లెక్క తప్పుతుంది. రాగానే ఎక్కినా తప్పే: మన డెల్టా ఉక్కలో చెమట ఆరదు, బయటికొచ్చాక కూడా ఇరవై నిమిషాలు కారుతూనే ఉంటుంది. 68.4 కిలోలు 67.8 అయిందనుకోండి, పోయింది 600 మిల్లీలీటర్లు. దానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, అంటే 750 నుంచి 900 మి.లీ., రెండు గంటల్లో కొంచెం కొంచెంగా తాగాలి.

అందుకు పలుచటి మజ్జిగని మించింది లేదు. గ్లాసు పెరుగు, మూడు గ్లాసుల నీళ్లు, అంతటికీ కలిపి పావు టీస్పూను ఉప్పు (గ్రామున్నర), నిమ్మచెక్క. ఇంట్లో తరవాణి (పులియబెట్టిన గంజి) ఉంటే ఉప్పేసుకుని అదైనా సరే. బొండాం మానక్కర్లేదు, మజ్జిగ తర్వాత తాగండి. వెళ్లడానికి అరగంట ముందు గ్లాసుడు నీళ్లు, మొదటి విడతకీ రెండోదానికీ మధ్య నాలుగు గుక్కలు. స్టీలు సీసా గది బయటే పెట్టండి, లోపల మూతి కాలుతుంది.

ప్రశ్న: మావారు బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటారు. సానా తర్వాత రోజూ రెండు బొండాలు తాగుతున్నారు. ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: రోజూ రెండు వద్దమ్మా. ఆ మాత్ర పొటాషియం బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది, బొండాం ఒంట్లో పొటాషియాన్ని పెంచుతుంది. కిడ్నీలు బాగుంటే అప్పుడప్పుడు ఒకటి తాగితే ఇబ్బంది ఉండదు. కిడ్నీ జబ్బున్నా, షుగరు ఎన్నాళ్లుగానో ఉన్నా, స్పైరనోలాక్టోన్ (ఇదీ పొటాషియాన్ని ఒంట్లో ఆపే మాత్రే) కూడా వాడుతున్నా, డాక్టరుని అడిగి పొటాషియం రక్తపరీక్ష చేయించాకే తాగాలి. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. మజ్జిగలో ఉప్పు కూడా ఆయన విషయంలో డాక్టరు చెప్పినంతే. అసలు సానాకి వెళ్లొచ్చా అన్నదీ అప్పుడే అడగండి. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, పైగా బీపీ మాత్ర. గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడతారు. రెండు నిమిషాలు కూర్చుని లేవమనండి.

ప్రశ్న: సానాకి ముందు పొద్దుటి కల్లు ఒక లోటా తాగితే చలవే కదండీ?
– పాలకొల్లు

జవాబు: చలవ సంగతి అటుంచండి, చెట్టు దిగేసరికే అది పులుస్తుంటుంది, ఎండెక్కే కొద్దీ ఘాటు పెరుగుతుంది. మత్తు, వేడి రెండూ కలిసి బీపీని దించుతాయి. మూత్రం ఎక్కువై ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. పైగా సానాలో బల్ల మీదే కునుకు పట్టిందంటే లేపేవాళ్లుండరు. బీరుకీ ఇదే జవాబు.