అడవికి తీసుకెళ్ళే కత్తికి ఒరా, కవరా?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. ఏటా చలికాలంలో హైస్కూలు పిల్లల్ని మహేంద్రగిరి ఎక్కిస్తాం. ఈసారి వాళ్ళకోసం, అడవికి ఎలాంటి కత్తి పట్టుకెళ్ళాలి, దానికి ఎలాంటి ఒర ఉండాలి అని ఒక చిన్న కరపత్రం తెలుగులో రాస్తున్నాను. సర్వైవల్ నైఫ్‌ని ‘మనుగడ కత్తి’ అన్నాను. మా తమ్ముడు ‘వేటకత్తి’ అనమంటున్నాడు. ‘ఒర’ అనేది రాజుల కత్తులకే చెల్లుతుంది, మామూలు కత్తికి ‘కవరు’ అనాలని ఇంకొకరు అన్నారు. అసలు అది ఒరా, వరా? నేను రాసిన మూడు వాక్యాలు ఇవి: ‘మనుగడ కత్తి పూర్తి తోకను కలిగి ఉండుట తప్పనిసరి.’ ‘ఒర కత్తిని భద్రముగా పట్టుకొను సామర్థ్యమును కలిగి ఉండవలెను.’ ‘ఉపయోగించుటకు ముందు కత్తిని ఒర నుండి దూయండి.’ దయచేసి సరిచేయండి.

సమాధానం: ముందు ఒర సంగతి చూద్దాం. మీ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఒర రాజుల సొత్తు కాదు. మీ ఊళ్ళో పాత నుయ్యి ఏదైనా ఉంటే తొంగిచూడండి. మట్టి కూలిపోకుండా లోపల ఒకదానిమీద ఒకటి దించిన గుండ్రటి చుట్లు కనిపిస్తాయి. వాటినీ ఒరలే అంటాం. ఇప్పుడు సిమెంటుతో పోసి ట్రాక్టర్ మీద తెస్తున్నారు గానీ పేరు మారలేదు. కత్తి చుట్టూ ఉండేదీ ఒరే, నూతి నీటి చుట్టూ ఉండేదీ ఒరే. తమిళంలో ఇదే మాట ‘ఉఱై’. కత్తి ఒర, నూతి ఒరతో పాటు దిండు గలీబునీ, ఉత్తరం పెట్టే కవరునీ కూడా వాళ్ళు ఉఱై అనే అంటారు. కన్నడంలో కత్తి ఒర ‘ఒరె’. ఇన్ని భాషల్లో, ఇన్ని ఇళ్ళలో తిరిగే మాటని ఒక్క రాజుగారి ఖడ్గానికి కట్టేయడం అన్యాయం. కథల్లో, సినిమాల్లో కత్తి అనగానే యుద్ధమే కనిపిస్తుంది కాబట్టి ఒర కూడా రాజుల మాటలా అనిపించి ఉంటుంది.

ఇక ఒరా, వరా? తమిళంలో ఈ మాటకి బండి ఱ ఉంది. మన పాత రాతలోనూ ‘ఒఱ’ అనే ఉండేది. ఇప్పుడు మామూలు ర రాస్తున్నాం, అది తప్పు కాదు. మాట మొదట్లో ఒ, వ ఒకదానికొకటి మారడం తెలుగులో మామూలే. ఒద్దు-వద్దు, ఒళ్ళు-వళ్ళు, ఒంక-వంక ఇలాంటివే. నూతి పనివాళ్ళు ‘వరలు’ అంటే సరిదిద్దకండి. కరపత్రంలో మాత్రం ‘ఒర’ అని రాయండి. ‘ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అనే సామెత పిల్లలకి ఎలాగూ తెలుసు, ఇట్టే అర్థమవుతుంది.

కవరు అంటే నేరమేమీ కాదు. కానీ గుణుపురం బజారులో ఏ కొట్టుకైనా వెళ్ళి ‘కవరివ్వండి’ అంటే చేతిలో ప్లాస్టిక్ సంచి పెడతారు. అంత పదునైన వస్తువుకి అంత వదులైన మాట ఎందుకు? పిల్లవాడు ‘కవరు’ అని చదివి కత్తిని సంచిలో వేసుకుంటే మీ కరపత్రం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

‘మనుగడ కత్తి’ దగ్గర మీతో గట్టిగా విభేదిస్తున్నాను. మనుగడ మంచి తెలుగు మాట. మను అంటే బతుకు. కానీ అది తరతరాల బతుకు గురించి చెప్పేది. భాష మనుగడ అంటాం, చేనేత మనుగడ అంటాం. దారితప్పి ఒక రాత్రి కొండమీద చిక్కుకున్న కుర్రాడి సంగతి చెప్పాల్సి వస్తే తెలుగువాడు ‘మనుగడ సాగించాడు’ అనడు. ‘బయటపడ్డాడు’ అంటాడు, లేదంటే ‘గట్టెక్కాడు’ అంటాడు. వంశధార ఒడ్డున ఉన్నవాళ్ళకి గట్టెక్కడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

దానికంటే ముఖ్యమైన కారణం ఇంకోటి ఉంది. తెలుగులో కత్తికి పేరు పెట్టేది అది చేసే పనిని బట్టి, పట్టే చేతిని బట్టి, లేదా దాని ఆకారాన్ని బట్టి. కూరగాయల కత్తి, మంగలి కత్తి, గీతకత్తి, కత్తిపీట, అన్నీ అంతే. మన ఇళ్ళలో కత్తిపీట అనేదాన్నే పక్కవాటాలో ఒడియా అమ్మమ్మ ‘పనికి’ అంటుంది. రెండు పేర్లూ వంటింట్లో పుట్టినవే. ‘దీంతో బతికిపోతావు’ అని భరోసా ఇచ్చే పేరు మన కత్తుల్లో నాకు ఒక్కటీ కనపడలేదు. అందుకని ‘అడవి కత్తి’ అనండి. పేరు దగ్గర అంతే చాలు. వివరం కావాలంటే మొదటి వాక్యంలో ‘అడవిలో అక్కరకొచ్చే కత్తి’ అని ఒకసారి రాస్తే సరిపోతుంది.

మీ తమ్ముడు చెప్పిన ‘వేటకత్తి’ అస్సలు వద్దు. మన జిల్లాల్లో వేట అంటే మేకపోతు కూడా. పండక్కి ‘వేటని కోశారు’ అంటాం, ‘వేటమాంసం’ అంటాం. ఇటు పేపర్లో వేటకత్తి కనిపించేది హత్య వార్తల్లో. పిల్లల సంచిలో ఉండే వస్తువుకి ఈ రెండు వాసనలూ పనికిరావు. పైగా ఇది చట్టం దాకా వెళ్ళే సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అనే మాటలోకి కత్తుల్నీ చేర్చింది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్ళకూడదు. మహేంద్రగిరి ఉన్న గజపతి జిల్లాలోనే లఖారి లోయ అభయారణ్యం ఉంది కదా. అటు వెళ్ళే ఆలోచన ఉంటే ముందే అటవీశాఖ వాళ్ళని అడగండి. ఆయుధాల నిబంధనలు కూడా అలుగు 9 అంగుళాలు దాటినా, 2 అంగుళాల కంటే వెడల్పైనా పట్టించుకుంటాయి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మాత్రం విడిచిపెడతాయి. చూశారా, చట్టం కూడా కత్తిని పనిని బట్టే విడదీసింది! మీ పిల్లలకి అంత పొడవు ఎలాగూ అక్కర్లేదు. అలుగు 4 నుంచి 5 అంగుళాలుంటే పుల్లలు చెక్కడానికీ, తాడు కోయడానికీ చేతికి లొంగుతుంది.

‘అలుగు’ అన్నాను, గమనించారా? బ్లేడ్‌కి అది మన పాత మాట. బాణం ములికినీ అలుగే అంటారు. అయితే చెరువు అలుగు అందరి నోటా ఉన్న మాట కాబట్టి పిల్లలు తికమకపడతారేమో చూసుకోండి. ‘బ్లేడు’ అన్నా నాకు అభ్యంతరం లేదు. కోసే అంచుకి ‘వాదర’ అనే చక్కటి మాట ఉంది. దాన్ని పోగొట్టుకోవద్దు, ఒక్కసారి ‘వాదర, అంటే కోసే అంచు’ అని రాసి ఆ తర్వాత ధైర్యంగా వాడండి. కొసకి ‘మొన’. వాదరకి ఎదురుగా ఉండే మందపాటి వైపుకి ‘వెన్ను’ అంటే చాలా బాగుంటుంది. వెన్ను కోణం పదునుగా ఉంటే నిప్పురవ్వలు రాల్చే కడ్డీని దాంతో గీకొచ్చు, వాదర పాడవదు.

చాకు, బాకు, కత్తి ఒకటి కావు. ఈ తేడా మీ కరపత్రానికి బాగా పనికొస్తుంది. చాకు ఉర్దూ మీదుగా వచ్చి మన జేబులో మడతపెట్టుకుని కూర్చుంది. బాకు పొడవడానికి చేసింది. కత్తి కోయడానికీ, నరకడానికీ, చెక్కడానికీ. మడిచే కీలు ఉన్నచోటే చాకుకి బలహీనత. బలంగా కొడితే అక్కడే వదులవుతుంది. కాబట్టి ‘అడవికి మడత చాకు చాలదు, మడవని కత్తి కావాలి’ అని రాస్తే మాటా సరైనదే, సలహా కూడా సరైనదే.

ఇప్పుడు మీ ‘పూర్తి తోక’. కత్తి ఇనుము పిడి లోపల చివరిదాకా సాగి ఉంటే ఇంగ్లీషులో ఫుల్ టాంగ్ అంటారు, మీరు దాన్ని యథాతథంగా దించారు. చదివిన పిల్లవాడికి గాలిపటం గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు పాతపట్నం దగ్గర మా తాతగారి ఊళ్ళో కొలిమి ముందు గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. కమ్మరి తాత కొడవలి ఇనుము వెనక కొసని సన్నగా సాగగొట్టి, ఎర్రగా కాల్చి, పటకారుతో పట్టుకుని కొయ్యపిడిలోకి దించేవాడు. చుయ్యిమని పొగ లేచేది, కాలిన కర్ర వాసన వచ్చేది. కర్ర పగలకుండా పిడి మూతికి ఇనప పొన్ను బిగించేవాడు. రోకలికి ఉంటుందే, అలాంటి పొన్ను. అడిగితే ఆయన తోక అనలేదు, పూర్తి అనలేదు. ‘ఇనుము పిడిలోకి ఎంత దిగితే పిడి అంత నమ్మకం’ అన్నాడు.

కొడవలికి సగం దిగితే చాలు. అడవి కత్తి వెన్నుమీద కర్రతో కొట్టి పుల్లలు చీల్చాల్సి వస్తుంది కాబట్టి, దాని ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి. రెండువైపులా చెక్కలు పెట్టి మేకులు బిగిస్తారు. పిడి డొల్లగా చేసి లోపల అగ్గిపుల్లలు దాచుకోమనే కత్తులు కొట్లలో మెరుస్తూ కనిపిస్తాయి. వాటిలో ఇనుము పిడిమూతి దగ్గరే ఆగిపోతుంది. పిల్లలు వాటిని చూసే ముచ్చటపడతారు, తప్పకుండా హెచ్చరించండి. మీ మొదటి వాక్యం ఇలా మారితే నాకు తృప్తి: ‘కత్తి ఇనుము పిడి చివరిదాకా దిగి ఉండాలి.’ ‘కలిగి ఉండుట’ ఎక్కడికి పోయిందో చూడండి. దాని లోటు ఎవరికైనా తెలిసిందా?

రెండో వాక్యంలో ‘పట్టుకొను సామర్థ్యమును కలిగి’ అక్కర్లేదు. సామెతలోనే క్రియ ఉంది: ఇమడడం. ‘కత్తి ఒరలో ఇమడాలి. తలకిందులు చేసి ఊపినా జారిపడకూడదు.’ కొట్లో నిలబడి చేయగల పరీక్ష కూడా ఈ వాక్యంలోనే వచ్చేసింది. (ఊపేటప్పుడు కింద కాళ్ళు లేకుండా చూసుకోమనండి.) తోలు ఒరకి కుట్టు వాదర వైపే వస్తుంది. రెండు తోళ్ళ మధ్య ఇంకో తోలు పట్టీ పెట్టి కుట్టకపోతే కత్తి తీసినప్పుడల్లా దారం కొంచెం కొంచెం తెగిపోతుంది, చివరికి వాదర మీ తొడకి తగులుతుంది. తోలు తేమని పట్టి ఉంచుతుంది. మహేంద్రగిరి మంచులో తడిసిన ఒరలోనే కత్తి ఉంచేస్తే, అది కార్బన్ స్టీలైతే తెల్లారేసరికి తుప్పు మరకలు వస్తాయి. ఇంటికొచ్చాక కత్తిని తుడిచి, నూనె రాసి, ఒర బయట ఉంచాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఆ బెంగ తక్కువ, కానీ మామూలు రాతిమీద నూరడం కాస్త కష్టం. గట్టి ప్లాస్టిక్ ఒర అయితే అడుగున నీళ్ళు పోయే చిల్లి ఉందో లేదో చూడండి. సవర గిరిజనుల పల్లెల వైపు, కల్లు కోసం జీలుగు చెట్టెక్కే ఒక పెద్దాయన నడుముకి రెండు వెదురు బద్దలు తాడుతో కట్టిన ఒర నేను చూశాను. తేమ నిలవదు, మొన గుచ్చుకోదు. రాజు దగ్గర లేని ఒర అది.

మూడోది ‘దూయండి’. కత్తి దూయడం పోట్లాటకి, యుద్ధానికి. దూశాడంటే ఎదురుగా ఎవరో ఉన్నట్టే. పుల్ల చెక్కడానికి కత్తి ‘తీస్తాం’. ‘కత్తి తీసే ముందు చుట్టూ చెయ్యి చాపి చూడండి, ఎవరికీ తగలకూడదు’ అని రాయండి. ‘పదును’ విషయంలో మీకు సందేహం రాలేదు గానీ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. విత్తనం వేయడానికి సరిపడా తడి ఉన్న నేలనీ పదునుగా ఉందంటాం, బాగా తెగే కత్తినీ పదునుగా ఉందంటాం. పనికి సిద్ధంగా ఉండటమే పదును. ‘షార్ప్‌గా ఉండాలి’ అని రాయాల్సిన చోట ఈ మాటని వదులుకోకండి.

మీరు 1936లో ఒడిశాలోకి వచ్చిన ఊళ్ళ పిల్లలకి రాస్తున్నారు. వాళ్ళలో చాలామంది బడిలో ఒడియా చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. ‘ఉండుట’, ‘వలెను’ వాళ్ళ చెవిన ఎన్నడూ పడి ఉండవు. 1880లో పర్లాకిమిడి బడికి పంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తిగారు సవరల మధ్యకి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకున్నారు, తర్వాత మన తెలుగు కోసం కూడా మాట్లాడే భాషనే పట్టుకుని పోరాడారు. ఆ గాలి తగిలిన ఊళ్ళ పక్కన కూర్చుని మనం పిల్లలకి ‘కలిగి ఉండవలెను’ అని రాయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకొక వాక్యం మీ కరపత్రంలో చేరిస్తే సంతోషిస్తాను. మన ఇళ్ళలో కత్తిని చేతికివ్వరు, గొడవలొస్తాయని కింద పెడతారు, అవతలివాళ్ళు తీసుకుంటారు. పిల్లలకి అలవాటైన ఆ పద్ధతినే ఇలా రాయండి: ‘కత్తిని ఒరలో పెట్టి, కింద ఉంచండి. కావలసినవాళ్ళు తీసుకుంటారు.’ అచ్చుకి ఇచ్చేముందు కాగితం మీ ఊరి కమ్మరికి ఒకసారి చదివి వినిపించండి. పొన్నుకో, వెన్నుకో ఆయన వేరే మాట అంటే నాది కొట్టేసి ఆయన మాటే ఉంచండి, నాకూ ఒక కార్డు ముక్క రాయండి.