1984 జాన్సన్ 70 మోటారుకు పాత రబ్బరు కనెక్టర్లు ఎక్కడ దొరుకుతాయి?

మీ పడవ మోటారులో టైమర్ బేస్ (స్పార్కు ఎప్పుడు రావాలో సంకేతం పంపే భాగం) నుంచి పవర్‌ప్యాక్‌కు (ఆ సంకేతం అందుకుని స్పార్కుకు కరెంటు పంపే పెట్టె) వెళ్లే నాలుగు పిన్నుల రబ్బరు కనెక్టరు పగిలిందని, ఆ భాగం తయారీ ఆగిపోయిందని షాపువాళ్లు చెప్పారని, వైర్లు కోసి బులెట్ కనెక్టర్లు (ఒక్కో వైరుకు విడిగా నొక్కి పెట్టేవి) పెట్టుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఇంకా కోయకండి. నేను కోసి చూశాను, ఒక వేసవి మొత్తం పోయింది.

మేము షికాగోకు ఉత్తరాన ఉంటాం. ఫాక్స్ లేక్ దగ్గర ఒక పెద్దాయన అల్యూమినియం పడవ అమ్ముతుంటే కొన్నాను. దాని మీద ఉన్నది మీ మోటారే, మూడు సిలిండర్ల జాన్సన్ 70. కొన్న నెలలోనే జబ్బు బయటపడింది. పావుగంట నడిచాక ఒక సిలిండరు ఆగిపోయేది, చల్లారాక మళ్లీ మామూలే. ఒక మరమ్మతు షాపులో పవర్‌ప్యాక్ పోయిందన్నారు. కొత్తది వేయించాను. వారం తిరగకుండానే మళ్లీ అదే కథ.

చివరికి ఒక ఆదివారం కవరు విప్పి, టార్చి పట్టుకుని టైమర్ బేస్ కనెక్టరును వేరు చేసి చూశాను. ఆ రబ్బరు మీద పిన్నుల పక్కన ఏ, బి, సి, డి అని అక్షరాలు పోసి ఉంటాయి. మూడు చోట్ల లోహం శుభ్రంగానే ఉంది. సి దగ్గర మాత్రం చిలుము పట్టి ఆకుపచ్చగా ఉంది. వైరును వేలితో కాస్త లాగితే రాగి తీగ పొడిపొడిగా రాలింది. కొత్త పవర్‌ప్యాక్‌తో దాని వైపు కనెక్టరు మారింది కానీ టైమర్ బేస్ వైపు పాతదే మిగిలింది. టైమర్ బేస్ పంపేది చాలా బలహీనమైన సంకేతం. స్టేటర్ (మోటారు తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే కాయిళ్లు) నుంచి వచ్చే గోధుమరంగు వైర్లలో మోటారును తిప్పుతుండగానే 150 వోల్టులకు పైగా ఉంటుంది కాబట్టి అది కొంచెం తుప్పును దాటుకుని పోగలదు. ఈ సంకేతానికి ఆ బలం లేదు.

నేను అప్పుడు చేసిన తప్పు ఏమిటంటే, కార్ల విడిభాగాల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ తొడుగు బులెట్ కనెక్టర్లు నాలుగు కొని నొక్కేశాను. వాటికి నీటిని ఆపే సీలు ఉండదు. పైగా నాలుగూ విడివిడి. విప్పి పెట్టేటప్పుడు నీలం, ఆకుపచ్చ, ఊదా వైర్లలో రెండు తారుమారైతే సిలిండర్లకు స్పార్కు తప్పుడు సమయంలో వస్తుంది. రెండు నెలల్లో అవీ వదులయ్యాయి.

ఇక ఎక్కడ వెతకాలి అన్నది. జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండూ ఓఎంసీ (అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్) అనే ఒకే కంపెనీ పడవ మోటార్ల పేర్లు. అది 2000 డిసెంబరులో దివాలా తీసింది. తర్వాత ఆ పేర్లు బొంబార్డియర్ చేతికి వెళ్లాయి, 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ కూడా ఆగింది. షాపు కంప్యూటర్‌లో మీ మోటారు పేరు కొడితే లేదని రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ కనెక్టరు మీ మోటారు ఒక్కదానిది కాదు. ఇదే రకాన్ని ఓఎంసీ ఎన్నో ఏళ్లు, ఎన్నో మోటార్లకు వాడింది. మెకానిక్కులు దీన్ని యాంఫినాల్ అంటారు. కాబట్టి మోటారు పేరుతో కాకుండా "ఓఎంసీ యాంఫినాల్, నాలుగు పిన్నులు" అని వెతకండి, అడగండి. ఎవిన్‌రూడ్ మీద ఉన్నదైనా పనికొస్తుంది.

నాకు అది దొరికింది కొత్త సరుకు అమ్మే చోట కాదు. పాత పడవలను విప్పి అమ్మే ఒక యార్డులో పాడైన టైమర్ బేస్‌ల డబ్బా ఉంది. కాయిల్ చచ్చినా దాని చివర కనెక్టరు మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. 15 సెంటీమీటర్ల వైరుతో సహా కోసి ఇచ్చారు. మీ ఊళ్లో పాత మోటార్లు బాగుచేసే మెకానిక్కు పారేసే డబ్బా ఒకటి ఉండే ఉంటుంది, ముందు అక్కడ అడగండి. ఒక్క జాగ్రత్త: పవర్‌ప్యాక్ వైపు సగం, టైమర్ బేస్ వైపు సగం వేర్వేరు. పగిలిన ముక్కను జేబులో పెట్టుకుని వెళ్లండి. యాంటిక్ అవుట్‌బోర్డ్ మోటార్ క్లబ్ వాళ్ల సంతల్లో కూడా ఇలాంటివి బల్లల మీద కనిపిస్తాయి.

రబ్బరు బాగుండి లోపలి పిన్ను ఒక్కటే పోతే పని ఇంకా తేలిక. పిన్ను తీయడానికి ఓఎంసీ 322698, సాకెట్టు తీయడానికి 322699, లోపలికి నెట్టడానికి 322697 అనే పనిముట్లు ఉన్నాయి. రబ్బరు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాలు రాస్తే జారుతుంది, తర్వాత ఆరిపోతుంది. నూనె రాయకండి. తీసేముందు ఏ అక్షరం దగ్గర ఏ రంగు వైరుందో కాగితం మీద రాసుకోండి, ఫోటో కూడా తీయండి.

ఎక్కడా దొరక్కపోతే నాలుగు పిన్నుల డాయిచ్ డీటీ అనే రకం కనెక్టరు వేసుకోవచ్చు. నీరు చొరని సీలు, ఒక్కో పిన్నుకు 13 ఆంపియర్ల సామర్థ్యం. కానీ రెండు సగాలూ మార్చాలి, దానికి తగిన క్రింపింగ్ పనిముట్టు (వైరు మీద పిన్నును నొక్కి బిగించేది) కావాలి. రేపు పవర్‌ప్యాక్ మారిస్తే అది పాత రబ్బరు కనెక్టరుతోనే రావచ్చు. అందుకే నేను దీన్ని ఆఖరి దారిగానే చూస్తాను. అతుకులన్నిటికీ లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది), కళాయి పూసిన రాగి వైరు వాడండి.

ఇంకొకటి. నలుపు మీద పసుపు గీత ఉన్న వైరు మోటారును ఆపేది. దానికి 12 వోల్టులు తగిలితే పవర్‌ప్యాక్ అక్కడికక్కడే పోతుంది. కనెక్టర్లు విప్పేముందు బ్యాటరీ తీసేయండి.

సంవత్సరం ఖాయం చేసుకోవడానికి మోడల్ పలక చూడండి. 1980 నుంచి ఓఎంసీ "ఇంట్రడ్యూసెస్" అనే ఆంగ్ల పదంలోని పది అక్షరాలను 1 నుంచి 9, ఆ తర్వాత 0గా వాడింది. సీ అంటే 8, ఆర్ అంటే 4. మీ పలక మీద సీ, ఆర్ పక్కపక్కన ఉంటే అది 1984దే. పలక మీది అక్షరాలు, పగిలింది ఏ వైపు సగమో ఇక్కడ రాయండి. నా డబ్బాలో ఇంకా రెండు ముక్కలున్నాయి, సరిపోతాయేమో చూసి చెబుతాను.