రిసీవర్ ఉండగా విడిగా ప్రీయాంప్ కొనాలా?

మీరు అడిగింది ఇదీ: ప్రీ-అవుట్‌లు (బయటి పవర్ యాంప్ తగిలించే సాకెట్లు) ఉన్న ఏవీ రిసీవర్, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఇప్పటికే ఉన్నాయి. విడిగా హోమ్ థియేటర్ ప్రీయాంప్, పవర్ యాంప్ కొంటే సౌండ్ నిజంగా మారుతుందా, కొనేముందు ఎలా పరీక్షించుకోవాలి అని.

నేను వాడాను. 2013 నుంచి 2021 దాకా, ఎనిమిదేళ్ళు. సౌండ్ మారింది, కానీ నేను అనుకున్న కారణానికి కాదు. ఆ సంగతి నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. రిసీవర్‌లోంచి స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌లు తీసేస్తే మిగిలేదే ఈ ప్రీయాంప్. కొందరు ప్రాసెసర్ అంటారు, కొందరు ప్రీ-ప్రో అంటారు, వస్తువు ఒకటే. పాతకాలం స్టీరియో ప్రీయాంప్ పని వాల్యూమ్ తిప్పడం, టేపుకీ రేడియోకీ మధ్య మార్చడం. ఇది అలా కాదు. డాల్బీ, డీటీఎస్ లాంటి సరౌండ్ సౌండ్ ఫార్మాట్లని విప్పడం, ఏ స్పీకర్‌కి ఏ శబ్దం ఎంత ఆలస్యంగా పంపాలో లెక్క వేయడం, బాస్‌ని విడదీసి సబ్‌వూఫర్‌కి ఇవ్వడం, గదికి తగ్గట్టు సరిచేయడం (రూమ్ కరెక్షన్), హెచ్‌డీఎంఐ వీడియోని టీవీకి దాటించడం, అన్నీ దీని నెత్తినే. అంటే ఇది సగం కంప్యూటర్. ముసలితనం కూడా కంప్యూటర్‌లాగే త్వరగా వస్తుంది.

నాది మా బావమరిది డాలస్ నుంచి తెచ్చాడు. వాడిన సరుకే. ఇక్కడినుంచి ఆవకాయ, కారప్పొడులు వెళ్ళిన సూట్‌కేసులోనే తిరుగు ప్రయాణంలో అది వచ్చింది. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే తర్వాత జరిగిన వాటిలో సగం తప్పు నాది. అది అమెరికా సరుకు కాబట్టి 120 వోల్టులది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో 500 వీఏ స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దాని మీద నడిపాను. ప్రీయాంప్‌కి కరెంటు పెద్దగా అక్కర్లేదు కాబట్టి ఈ పద్ధతి నడుస్తుంది. అదే పెద్ద పవర్ యాంప్‌నో రిసీవర్‌నో ఇలా నడపాలంటే ట్రాన్స్‌ఫార్మరే ఒక మూట బరువుంటుంది. అందుకే పవర్ యాంప్ మాత్రం ఇక్కడే కొన్నాను, 230 వోల్టులది.

మొదటి రాత్రి సంగతి చెప్పాలి. పెట్టగానే గది పెద్దదైనట్టు అనిపించింది. డైలాగ్ ముందుకొచ్చింది, బాస్ బిగువుగా ఉంది, ఇన్నాళ్ళూ రిసీవర్‌తో ఏం విన్నానా అనిపించింది. స్నేహితులందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఇద్దరు నా మాట మీద కొన్నారు కూడా.

ఆర్నెల్ల తర్వాత ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్న మా అబ్బాయి ఒక మాట అన్నాడు. "నాన్నా, నీ రిసీవర్‌కి కూడా ప్రీ-అవుట్‌లు ఉన్నాయి కదా. రెండింటినీ అదే పవర్ యాంప్‌కి మార్చి మార్చి పెట్టి విను. లేకపోతే నువ్వు వింటున్నది దేన్నో ఎలా తెలుస్తుంది?" వాడి మాట నాకు నచ్చలేదు, కానీ తప్పని అనలేకపోయాను.

రెండింటిలోనూ రూమ్ కరెక్షన్ ఆపేశాం. 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, ఎడమ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మామూలు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టాం. (చవక మీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో తప్పు చూపిస్తాయి, 100 దగ్గర పర్వాలేదు.) రెండింటి డిస్‌ప్లే మీదా వాల్యూమ్ అంకె ఒకటే. రిసీవర్‌తో 1.20 వోల్టులు, ప్రీయాంప్‌తో 1.52. అంటే ప్రీయాంప్ సుమారు 2 డెసిబెల్స్ ఎక్కువ ఇస్తోంది. ఇంత చిన్న తేడా చెవికి "గట్టిగా ఉంది" అని తెలియదు. "బాగుంది, స్పష్టంగా ఉంది" అని తెలుస్తుంది. నన్ను ఆర్నెల్లపాటు మోసం చేసింది అదే.

వోల్టులు సమానం చేసి, నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే వాడు కేబుళ్ళు మార్చాడు. పన్నెండు సార్లు. ఏడు సార్లు కరెక్టుగా చెప్పాను. నాణెం ఎగరేసినా ఆరు వచ్చేవి. ఆ రాత్రి భోజనం దగ్గర వాడు ఏమీ అనలేదు, నవ్వుకున్నాడంతే.

మరి ఏం మారినట్టు? రూమ్ కరెక్షన్. నా పాత రిసీవర్‌లో ఉన్నది సబ్‌వూఫర్‌ని ముట్టుకోని రకం, ప్రీయాంప్‌లో ఉన్నది సబ్‌ని కూడా సరిచేసే రకం. మా హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 11. గది పొడవుని బట్టి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర బాస్ గోడల మధ్య నిలబడిపోతుంది. లెక్క సులువే: సెకనుకి 343 మీటర్ల ధ్వని వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగించాలి. 14 అడుగులంటే 4.27 మీటర్లు, కాబట్టి 40 హెర్ట్జ్. వెడల్పు వైపు 51. మా సోఫా వెనక గోడకి ఆనుకుని ఉండేది, అంటే ఆ 40 హెర్ట్జ్ బాగా పోగయ్యే చోటు. ఏ సినిమా పెట్టినా, ఏ పేలుడైనా ఒకటే "బొయ్యి" మన్న మోత. తర్వాత యూమిక్-1 మైకు కొని, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిచి చూస్తే అక్కడ 11 డెసిబెల్స్ గుట్ట కనిపించింది. కరెక్షన్ వేశాక అది 3కి దిగింది. నేను "బిగువు" అన్నది దాన్నే.

ఇంకో రహస్యం, సోఫాని గోడనుంచి రెండడుగులు ముందుకి జరిపితే పైసా ఖర్చు లేకుండా అందులో కొంత తగ్గింది. మా ఆవిడ ఒప్పుకోవడానికి మాత్రం కొంత ఖర్చయింది.

రూమ్ కరెక్షన్ కోసం మైకుని ఒక్కో చోట పెట్టి గదిని కొలిచేటప్పుడు మనవాళ్ళు చేసే తప్పులు చెప్తాను, అన్నీ నేను చేసినవే. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. కుక్కర్ పొయ్యి మీద లేనప్పుడు చేయండి, మూడో పొజిషన్‌లో విజిల్ వస్తే మొత్తం మళ్ళీ మొదలెట్టాలి. మైకుని సోఫా మీద పడేయకుండా కెమెరా ట్రైపాడ్‌కి బిగించి చెవి ఎత్తులో పెట్టండి. కొలత అయ్యాక సబ్‌వూఫర్ అసలు దూరం తొమ్మిదడుగులైనా ప్రీయాంప్ పదహారు అని చూపించొచ్చు, దాన్ని సరిచేయబోకండి. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల అయ్యే ఆలస్యాన్ని అది దూరంగా లెక్కపెట్టింది, కరెక్టే. స్పీకర్లని అది "లార్జ్" అని పెడితే మాత్రం "స్మాల్" చేసి 80 హెర్ట్జ్ దగ్గర కోయండి. స్మాల్ అంటే మీ స్పీకర్‌కి అవమానం కాదు, బరువు పని సబ్‌కి ఇస్తున్నారంతే.

పవర్ గురించి. విడి యాంప్ వేస్తే "హెడ్‌రూమ్" (గట్టి శబ్దాలకి మిగులు శక్తి) వస్తుందని అందరూ అంటారు. లెక్క వేసి చూడండి. 1 వాట్‌కి 1 మీటర్ దూరంలో 86 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ అనుకుందాం, మీరు 3 మీటర్ల దూరంలో కూర్చున్నారు. గోడల సాయం లెక్కలోకి తీసుకోకపోతే మీ చెవికి చేరేది దాదాపు 76.5. సినిమా థియేటర్ ప్రమాణం ప్రకారం ఒక్కో మెయిన్ ఛానెల్ శిఖరం 105 డెసిబెల్స్. అంత రావాలంటే 700 వాట్లు కావాలి! కానీ ఇంట్లో ఎవరు పెడతారు అంత? మా అపార్ట్‌మెంట్‌లో నేను ప్రమాణం కన్నా 15 డెసిబెల్స్ కిందే ఉంటాను, అంతకు మించితే కింది ఫ్లాటు పిన్నిగారు ఫోన్ చేస్తారు. 15 తగ్గిస్తే ఆ 700 కాస్తా 22 వాట్లకి దిగుతుంది. 80 వాట్ల రిసీవర్‌కి అది ఆటలాంటిది. మీ స్పీకర్లు 4 ఓమ్‌లవైతేనో, గది చాలా పెద్దదైతేనో, ఇండిపెండెంట్ ఇల్లైతేనో మాట వేరు.

ఇక కష్టాలు. మొదటి వారమే గుయ్‌మని హమ్. ప్రీయాంప్‌ని తిట్టుకుంటూ రెండు రోజులు కేబుళ్ళు మార్చాను. చివరికి సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ టీవీ వైరు పీకగానే టక్కున ఆగింది. ఆ వైరు బయటినుంచి తెచ్చే ఎర్తింగ్ వేరు, ఇంటి ఎర్తింగ్ వేరు, రెండూ ప్రీయాంప్ దగ్గర కలిశాయి. ఆ కేబుల్ టీవీ వైరుకి, రెండు ఎర్తింగ్‌లనీ విడదీసే చిన్న ఐసొలేటర్ పెడితే పోయింది. హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, దయచేసి వినకండి. అది ప్రాణాల మీదకి వచ్చే పని.

2016లో ఇంటికి రంగులు వేయించాం. సామాను అంతా సర్దిపెట్టిన కుర్రాడు పాపం సాయం చేద్దామని ప్రీయాంప్ ప్లగ్గుని అడాప్టర్ పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాడు. 120 వోల్టుల మిషన్‌కి 230. ఫ్యూజ్ పోయింది, స్టాండ్‌బై సప్లై బోర్డు కూడా పోయింది. ఇక్కడ దానికి వారంటీ లేదు, సర్వీస్ సెంటర్ లేదు. ఒక పాతకాలం టీవీ మెకానిక్ మూడు వారాలు కూర్చుని బాగుచేశాడు, ఆయన చెయ్యి చల్లన. అమెరికానుంచి తెప్పించుకునేవాళ్ళు కొనకముందే వెనకవైపు ప్లేటు ఫోటో పంపమనండి. 115/230 స్విచ్ ఉందా, 120 అని మాత్రమే ఉందా చూడండి. 120 అయితే ప్లగ్గు మీద ఎర్ర టేపు చుట్టి ఉంచండి, నేను ఆ తర్వాత చుట్టాను.

దాన్ని అసలు ఇంటికి పంపింది మాత్రం హెచ్‌డీఎంఐ. 2017లో 4కే టీవీ కొన్నాం. నా ప్రీయాంప్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4, 4కే డిస్కులు అడిగే కాపీ రక్షణ పద్ధతి హెచ్‌డీసీపీ 2.2 లేదు. 4కే డిస్క్ పెడితే నల్ల తెర. వీడియోకొకటి, ఆడియోకొకటి రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌లున్న ప్లేయర్ కొని ఒకటి టీవీకి, ఒకటి ప్రీయాంప్‌కి ఇచ్చి కొన్నాళ్ళు లాగాను. ఓటీటీకి ఏఆర్‌సీ, అంటే టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైరులోనే వెనక్కి ప్రీయాంప్‌కి పంపే పద్ధతి. పాత ఏఆర్‌సీలో డిస్కు మీది ట్రూహెచ్‌డీ లాంటి నష్టం లేని ఫార్మాట్లు రావు, వాటికి దాని కొత్త రకం ఈఏఆర్‌సీ కావాలి. ఇల్లంతా వైర్లు, మూడు రిమోట్లు. మా అత్తగారు సీరియల్ పెట్టుకోవాలంటే నేను ఆఫీసునుంచి ఫోన్‌లో "ముందు నల్ల రిమోట్ అత్తయ్యా, తర్వాత చిన్నది" అని చెప్పేవాణ్ణి. ఒక పరికరాన్ని బేరీజు వేయడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. మీరు ఊళ్ళో లేని రోజు ఇంట్లోవాళ్ళు టీవీ పెట్టుకోగలగాలి.

మరి మీరేం చేయాలి? మీ రిసీవర్‌కి ప్రీ-అవుట్‌లు ఉన్నాయి కాబట్టి ఎవరిదగ్గరైనా పవర్ యాంప్ ఒక్క శని, ఆదివారం అడిగి తెచ్చి, ముందువైపు మూడు స్పీకర్లకి పెట్టి, వోల్టులు సమానం చేసి వినండి. తేడా వినిపించకపోతే ఆ డబ్బు రెండో సబ్‌వూఫర్‌కి పెట్టండి. గదిలో రెండు చోట్ల సబ్ ఉంటే సోఫాలో మూలన కూర్చున్నవాళ్ళకి కూడా బాస్ ఒకేలా అందుతుంది. ఏ ప్రీయాంప్‌తోనూ నాకు రానిది దానితో వచ్చింది. ఇప్పుడు కొన్ని డెనాన్, ఓంక్యో రిసీవర్లలోనే డిరాక్ అనే మంచి రూమ్ కరెక్షన్ దొరుకుతోంది. కొన్ని డెనాన్ మోడళ్ళలో లోపలి యాంప్‌లని ఆపేసి ప్రీయాంప్‌లా వాడుకునే మోడ్ కూడా ఉంది. 2013లో ఇవి ఉంటే నేను అసలు ఈ దారి పట్టేవాణ్ణి కాదేమో.

విడి ప్రీయాంప్‌కి నేను ఇప్పటికీ ఓటు వేసే సందర్భాలు రెండే. ఒకటి, పవర్ యాంప్‌లు స్పీకర్ల దగ్గర, ప్రీయాంప్ దూరంగా వెనక అలమరలో ఉండే ప్రత్యేక గది. అక్కడ పొడుగు కేబుళ్ళకి ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (దారిలో చేరే రొదని తగ్గించే మూడు పిన్నుల కనెక్షన్) నిజంగా పనికొస్తుంది. మీటరు పొడవు కేబుల్‌కి మామూలు ఆర్‌సీఏ పిన్ను చాలు, నాకైతే తేడా వినిపించలేదు. రెండోది, అట్మాస్‌కి పైకప్పు స్పీకర్లు, మూడు నాలుగు సబ్‌లు పెట్టి ఒక్కోదాన్ని విడిగా సరిచేయాలనుకునేవాళ్ళు.

అయినా మనసు ఆగక సెకండ్ హ్యాండ్‌ది చూడ్డానికి వెళ్తే ఇంట్లోంచి ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, మీ ప్లేయర్ పట్టుకెళ్ళండి. ఇన్‌పుట్‌లు ఆరుంటే ఆరింటినీ పరీక్షించండి, అమ్మేవాడు ఎప్పుడూ పనిచేసే ఒకటో నంబరే చూపిస్తాడు. టెస్ట్ టోన్‌తో ప్రతి అవుట్‌పుట్ వినండి. కొలిచే మైకు ఉందా అడగండి, ఒక మోడల్ మైకు ఇంకోదానికి సరిపడుతుందని గ్యారంటీ లేదు. సిగ్నల్ లేకుండా వాల్యూమ్ పెంచి ట్వీటర్ దగ్గర చెవి పెట్టి బుస్సుమనే శబ్దం ఎంతుందో చూడండి. గంటసేపు ఆన్‌లో ఉంచి పైమూత మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి తీసేసేంత వేడి ఉంటే వచ్చేయండి. నాది 2021లో కొన్నాయనకి ఇవన్నీ నేనే దగ్గరుండి చేయించాను. నాలుగో ఇన్‌పుట్ పనిచేయదని ముందే చెప్పి ధర తగ్గించాను, ఎర్ర టేపు ఎందుకుందో కూడా చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ ఉచితంగా ఇచ్చేశాను.