మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

వేడి చేసిందిలే, సబ్జా నీళ్లు తాగు అంటారు కదా అందరూ, కొంతవరకు నిజమే, నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మండుతుంది, ఆ రోజంతా నీళ్లు, మజ్జిగ బాగా తాగితే సర్దుకుంటుంది. ఇంకోటి, డెట్టాల్ నీళ్లతోనో వాసన సబ్బుతోనో అక్కడ కడిగేవాళ్లు చాలామంది, దానికే మంట పుడుతుంది, మామూలు నీళ్లు చాలు.

కానీ ఒకట్రెండు రోజుల్లో తగ్గకపోతే చూపించుకోండి. మగవాళ్లు, పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు అయితే అన్ని రోజులు కూడా ఆగొద్దు. చీములా కారుతుంటే సెక్స్ ద్వారా అంటుకునే గనేరియా, క్లమీడియా లాంటి జబ్బులు అయ్యుండొచ్చు, సిగ్గుపడి దాచుకుంటే ముదురుతుంది, పార్ట్‌నర్‌కి కూడా ట్రీట్‌మెంట్ పడాలి లేదంటే మళ్లీ అంటుకుంటుంది. మంటతో పాటు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు, లేదా రక్తం పడినా, మూత్రం బిగబట్టినట్టయి అసలు రాకపోయినా, రాత్రయినా సరే హాస్పిటల్‌కి పోవాల్సిందే.

మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు మింగడం మాత్రం వద్దు, ముందే వేసుకుంటే యూరిన్ కల్చర్‌లో, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే టెస్టులో, ఏమీ దొరక్కపోవచ్చు. శాంపిల్ ఇచ్చేటప్పుడు మొదట కొంచెం వదిలేసి మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టండి.