షెడ్డులో ఉన్న మీ నాన్న కారు గురించి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. తణుకులో మీ ఇంటి వెనక రేకుల షెడ్డు, దాని కింద దుమ్ము కొట్టుకుపోయిన మారుతి 800. అది తెల్ల కారని ఎవరైనా చెబితే తప్ప తెలిసేలా లేదు. 1997లో బావ దాన్ని కొన్న రోజు షోరూంకి నేనూ వెళ్లాను. 2016లో మోకాళ్ల నొప్పితో క్లచ్ తొక్కలేక షెడ్డులో పెట్టేశాడు. ఆయన పోయాక ఇక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నువ్వు దాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తానంటే సంతోషమే. కానీ నీ మెసేజ్‌లో చివరి మాట చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. "కొత్త బ్యాటరీ తెచ్చాను మామయ్యా, ఆదివారం సెల్ఫ్ కొట్టి చూస్తా" అన్నావు. కొట్టకు. బ్యాటరీ తీసుకెళ్లి ఇంట్లో పెట్టు. ఆటోనగర్‌లో నేను షెడ్డు నడిపిన ముప్పై అయిదేళ్లలో మూలపడ్డ కార్లు చాలా వచ్చాయి. వాటిలో ఇంజిన్ చచ్చిపోయి వచ్చినవి తక్కువ, బతికున్న ఇంజిన్‌ని ఆత్రంతో చెడగొట్టి తెచ్చినవే ఎక్కువ.

ఇంకో సంగతి. నువ్వు ఇంజిన్ చప్పుడు వినాలనుకుంటున్నావు. నేను ముందు బ్రేకులు చూడమంటాను. కుర్రతనంలో నేనూ నీలాగే ఉండేవాణ్ణి. ఏళ్ల తరబడి కదలని కారు ఒకటి సాయంత్రానికల్లా స్టార్ట్ చేశాను. ఆ ఊపులో వీధిలోకి తీసుకెళ్లాను. మలుపు దగ్గర బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ నేలకి తగిలింది. ఎదురుగా గడ్డివాము ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. అప్పట్నుంచి నా షెడ్డులో ఒకటే పద్ధతి: ఆగడం రాని బండికి తాళం పెట్టేది లేదు.

మొదటి రోజు పానలు కూడా తియ్యకు. ఒక టార్చ్, ఒక పొడుగాటి కర్ర చాలు. బానెట్ ఎత్తే ముందు దాని మీద గట్టిగా తట్టు, కాసేపు ఆగు. మన వైపు పాములు చలికాలంలో ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ దూరతాయి, సీట్ల కింద కూడా. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడు, ఎలుక గూడు ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టి పెట్టి ఉంటాయి. తర్వాత వైర్లు ఒక్కొక్కటే వేళ్లతో తడుముతూ వెళ్లు. ఎలుక కొరికిన చోట రాగి బయటపడి ఉంటుంది. అలాంటి వైరు మీద టేపు చుట్టి వదిలెయ్యకు, ఆ ముక్క కోసి కొత్తది అతుకు. లోపల మ్యాట్లు ఎత్తి ఫ్లోరు రేకుని బొటనవేలితో నొక్కి చూడు. గోదావరి గాలికి తుప్పు తొందరగా పడుతుంది. రేకు లోపలికి దిగితే మిగతా ఖర్చంతా ఆపి ముందు వెల్డింగ్ అతనికి చూపించు. జాకీ పెట్టే చోట తుప్పు ఉంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు లెక్క వేరు.

ఇక బ్రేకులు. కారుని గట్టి నేల మీద ఎత్తాలి. జాకీ మీద నిలబెట్టి కిందకి దూరకు. ఇటుకల మీదా వద్దు. ఇటుక బరువుకి చెప్పకుండా పగిలిపోతుంది. ఇనుప స్టాండ్లు అద్దెకి తెచ్చుకో, లేదా మందపాటి టేకు దిమ్మలు పెట్టు. నేల మీద ఉన్న చక్రాలకి అటూ ఇటూ అడ్డాలు వెయ్యి.

బావకి హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టే అలవాటు ఉండేది. కాబట్టి వెనక బ్రేక్ షూలు డ్రమ్‌కి అతుక్కుపోయి ఉంటాయి. సుత్తితో బాదకు. ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ బాగా వదులు చెయ్యి. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక పూట వదిలెయ్యి. ఆ తర్వాత చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ మెల్లిగా తట్టు. డ్రమ్ వచ్చాక లోపలి పొడిని నోటితో ఊదకు. పాత లైనర్లలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడువు. షూలని నెట్టే వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎత్తి చూడు. లోపల తడి కనిపిస్తే సిలిండర్ మార్చెయ్. కొత్త రబ్బర్ల కిట్టు వేసి సరిపెట్టే రోజులు నావి, అప్పట్లో సామాన్లు దొరికేవి కావు. ఇప్పుడు దొరుకుతున్నాయి. 2014 దాకా ఈ కారు తయారైంది, ఆటోనగర్‌లో ఏ కొట్టుకి వెళ్లినా సామాను ఉంటుంది. ముందు చక్రాల డిస్కుల దగ్గర పిస్టన్ పట్టేసిందేమో చూడు, రబ్బరు హోసులు రెండూ మార్చు. అవి బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. అలా ఉంటే బ్రేకు పడుతుంది గానీ వదలదు. ఇనుప గొట్టాల మీద తుప్పు పొరలుగా రాలుతుంటే వాటినీ ఉంచకు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఇన్నేళ్ల ఆయిల్ టీ డికాషన్‌లా ఉంటుంది చూడు. అంతా తీసేసి డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బా పొయ్యి. సగం వాడి మూత పెట్టిన డబ్బా ఎవరైనా ఇస్తే తీసుకోకు. ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పక్కన నీళ్ల చెంబు పెట్టుకో. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. కారుతో వచ్చిన చిన్న పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంటుంది, అందులో చెప్పిన వరసలో చక్రాలు చెయ్యి. పెడల్ మీదకి మీ అమ్మని కూర్చోబెట్టు. బావకి ఈ పని ఎన్నిసార్లు చేసిపెట్టిందో! "తొక్కు", "పట్టుకో", "వదులు" అంటే చాలు, నీకంటే బాగా చేస్తుంది. చక్రం దగ్గర గాలి వదిలే నట్టు బిగించకముందే పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుందని ఆవిడకి తెలుసు. చివరికి పెడల్ రాయిలా గట్టిగా నిలవాలి. కాలు అలాగే ఒక నిమిషం నొక్కి ఉంచితే మెల్లగా కిందకి జారుతోందా, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ పోయినట్టే.

టైర్ల గురించి వాదన పెట్టుకోకు. టైరు మీద గాడులు బాగున్నాయని నువ్వంటావు, నాకు తెలుసు. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2312 అని ఉంటే 2012లో 23వ వారం తయారైందని అర్థం. నువ్వే లెక్క వేసుకో. పన్నెండు అంగుళాల చిన్న టైర్లు, అయిదూ మార్చు. అయిదు అంటే స్టెప్నీ కూడా.

ఇప్పుడు పెట్రోలు. ట్యాంకు మూత తియ్యి, టర్పెంటైన్ వాసన వస్తుంది. ఆ పెట్రోలు జిగురైపోయింది, దాన్ని ఇంజిన్‌కి చూపించకు. కింద హోసు విప్పి డబ్బాలోకి పట్టు. షెడ్డు పక్కన మీ అమ్మ నీళ్లు కాచుకునే కట్టెల పొయ్యి ఉంది కదా, ఆ రోజు అది వెలిగించకూడదు. పట్టిన పెట్రోలు కాలవలో పొయ్యకు, తెలిసిన గ్యారేజీలో ఇచ్చెయ్. ట్యాంకులో తుప్పు ఉంటే దించి కడిగించాలి.

పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వెయ్యి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ కారు పుట్టినప్పుడు అలాంటిది లేదు. ఆ రోజుల రబ్బరు ఇథనాల్‌కి మెత్తబడి చీలుతుంది, వేడి ఇంజిన్ మీద చుక్క పడితే అంతే సంగతులు. హోసు కొనేటప్పుడు ఇథనాల్‌కి పనికొచ్చేదే అడుగు. ఇథనాల్ నీటిని కూడా లాక్కుంటుంది, కాబట్టి ఇక మీద పెట్రోలు పోసి నెలల తరబడి వదిలెయ్యడం కుదరదు. పెట్రోలు పంపు ఇంజిన్‌కి బిగించి ఉంటుంది, లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది. అది చిల్లి పడితే పెట్రోలు నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. కొత్త పంపు వేసెయ్. వేశాక కూడా వారానికోసారి ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ వాసన చూడు.

పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్ విప్పేటప్పుడు ప్రతి మెట్టూ ఫోన్‌లో ఫొటో తీసుకో. మాకు ఆ సౌకర్యం లేక పాత న్యూస్‌పేపరు మీద వరసగా పేర్చుకునేవాళ్లం, ఫ్యాను వేస్తే గోవిందా. దానిలో పెట్రోలు వెళ్లే సన్నటి కన్నాల జెట్లు ఇత్తడివి, గుండుసూదితో పొడిస్తే కన్నం పెద్దదై మైలేజీ పోతుంది. క్లీనర్ కొట్టి గాలి పట్టు, అంతే.

ఇంజిన్‌కి వద్దాం. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి ఒక్కో కన్నంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పొయ్యి. రెండు రాత్రులు వదిలెయ్. ముందు చక్రాలు రెండూ పైకి లేపి, నాలుగో గేరులో పెట్టి, రెండు చక్రాల్నీ ఒకేసారి ముందుకి తిప్పించు. ఇంజిన్ కదిలితే ఆ రోజు పాయసం వండించుకో. కదలకపోతే ఇంకొంచెం ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగు. పానకి గొట్టం తగిలించి బలం పెట్టొద్దు.

పాత ఆయిల్ కిందకి వదిలి రంగు చూడు. నల్లగా ఉంటే మామూలే. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయని, అప్పుడు ముందుకి వెళ్లకు. ఫిల్టర్ మార్చి కొత్త ఆయిల్ డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పొయ్యనని నాకు మాటివ్వు. మీ బోరు నీళ్లకి బకెట్లకే తెల్లటి చారలు కడతాయి, రేడియేటర్ సన్నటి గొట్టాలు ఏం కావాలి? కూలెంట్ పొయ్యి, హోసులు మార్చు. ఇంజిన్ వాల్వుల్ని సమయానికి ఆడించే పళ్ల బెల్టు, అదే టైమింగ్ బెల్టు, కూడా ఇప్పుడే మార్చాలి, చూడ్డానికి బాగున్నా సరే. అది తెగితే ఇంజిన్ ఉన్నచోటే ఆగిపోతుంది. గుర్తులు కలపడం రాకపోతే అక్కడ మాత్రం మేస్త్రీని పిలువు. సిగ్గుపడాల్సిందేం లేదు, మొదట్లో నేనూ ఒక పన్ను తప్పించి బిగించాను.

ఇక ఆ బ్యాటరీ బయటికి తియ్యి. ప్లగ్గులు ఇంకా బయటే ఉండాలి, స్పార్క్ ఇచ్చే కాయిల్ వైరు పీకి ఉండాలి, పెట్రోలు గొట్టం మూసి ఉండాలి. అలా ఉంచి డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టు. ఒకసారికి పది సెకన్లు, మధ్యలో ఒక నిమిషం ఆపు, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది. దీనితో ఎండిపోయిన బేరింగులకి నూనె అందుతుంది. తర్వాత కొత్త ప్లగ్గులు. ఒకటి బిగించకుండా ఇంజిన్ ఇనుముకి ఆనించి స్పార్క్ చూడు, నీలంగా రావాలి. వైరుని చేత్తో పట్టుకోకు. ఇది చూసేటప్పుడు దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు.

స్టార్ట్ చేసేది షెడ్డులో కాదు, నలుగురు కలిసి ఆరుబయటకి తొయ్యండి. మూసి ఉన్న చోట సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది. పక్కన మంటలార్పే సిలిండర్ ఒకటి ఉండాలి. మొదట నీలం పొగ దట్టంగా వస్తుంది, అది నువ్వు పోసిన ఆయిలే. పది నిమిషాల్లో తగ్గాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే ఆపెయ్.

గేరు పడకపోతే బెంబేలు పడకు, క్లచ్ ప్లేటు తుప్పుకి అతుక్కుని ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి ఆపు. ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, మొదటి గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చెయ్యి. కారు నడక మొదలెడుతుంది. క్లచ్ తొక్కి ఉంచే కాస్త రేజ్ చేసి బ్రేకు మీద ఒక్కసారి కాలు వెయ్యి. రెండు మూడు సార్లలో టప్పున విడుతుంది. బ్రేకులు ముందు చెయ్యమన్నానే, దీనికి కూడా అవే దిక్కు.

కాగితాల పని నువ్వు పానలు పట్టిన రోజే మొదలెట్టు, దానికే ఎక్కువ రోజులు పడుతుంది. ఆర్‌సీ ఇంకా బావ పేరునే ఉంది. యజమాని పోయాక వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత అయిదేసి ఏళ్లకి రెన్యువల్, దానికి ఫారం 25. మీ కారు రెన్యువల్ 2017తోనే అయిపోయి ఉంటుంది. 20 ఏళ్లు దాటిన బళ్లకి 2025లో ఈ ఫీజు బాగా పెంచారు, పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. మొత్తం ఎంతవుతుందో ఆర్‌టీఓ ఆఫీసులో అడిగాకే సామాన్లు కొను. ఢిల్లీలో పాత బళ్లు ఆపేస్తున్నారని టీవీలో చూసి నువ్వు కంగారుపడ్డావు గానీ, ఆ 15 ఏళ్ల లెక్క అక్కడిది. మనకి బండి ఫిట్‌గా ఉంటే రెన్యువల్ అవుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికి రాకుండా గేటు దాటించకు. తనిఖీకి టోయింగ్ బండి మీద ఎక్కించి పంపు. తాడు కట్టి లాక్కెళ్లకు.

అంతా అయ్యాక మీ వీధిలోనే ఇరవై స్పీడులో నాలుగు రౌండ్లు తిప్పు. ప్రతి రౌండుకీ ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టు. ఒకటి మిగతా వాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. వంద కిలోమీటర్లకి చక్రాల నట్లు మళ్లీ బిగించు. అయిదొందలకి ఇంజిన్ ఆయిల్ మళ్లీ మార్చు, లోపలి మడ్డి అంతా అప్పుడే కదులుతుంది.

రోజూ రాత్రి కారు కింద న్యూస్‌పేపరు పరిచి పెట్టు. పొద్దున్నే చూస్తే ఎక్కడ ఏ రంగు మరక పడిందో తెలుస్తుంది. ముందు వైపు నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఆకుపచ్చగా ఉంటే కూలెంట్. చక్రం దగ్గర తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, ఆ రోజు కారు తియ్యకు. మొదటి వారం ఆ న్యూస్‌పేపర్లన్నీ ఫొటో తీసి నాకు పంపు, ఏ వైపు ముందో పెన్నుతో రాసి.

మీ మామయ్య