సాయం అడిగితే సీటు పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అమెరికాలో డిగ్రీ చదవాలని పట్టుదలగా ఉంది. మావారు ప్రభుత్వ బడిలో టీచరు, ఏడాదికి పది లక్షల ఆదాయం. మా స్థోమత చూసి ఖర్చంతా భరించే కాలేజీలు ఉన్నాయంటున్నారు. వాటిని కనిపెట్టడం ఎలా? సాయం అడిగితే సీటు రాదంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. ప్రతి కాలేజీ విషయంలోనూ రెండు సంగతులు వేరువేరుగా తెలుసుకోవాలి. సీటు ఇచ్చేటప్పుడు మీ ఆర్థిక స్థితి చూస్తారా? సీటు ఇచ్చాక అవసరమైనదంతా ఇస్తారా? హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ విదేశీ విద్యార్థులకు కూడా డబ్బు సంగతి చూడకుండానే సీటు ఇస్తాయి, ఇచ్చాక లోటంతా పూడుస్తాయి. డబ్బు చూడకుండా సీటివ్వడాన్ని ‘నీడ్ బ్లైండ్’ అంటారు. స్టాన్‌ఫర్డ్, విలియమ్స్, స్వార్త్‌మోర్, గ్రినెల్, మకాలెస్టర్, మౌంట్ హోలియోక్ వంటివి ‘నీడ్ అవేర్’. అంటే, ఎంత సాయం కావాలన్నది సీటు నిర్ణయంలో ఒక అంశమవుతుంది. కానీ ఒకసారి తీసుకున్నారంటే లోటు మిగల్చరు. మీవంటి కుటుంబాలు ఈ రెండో వరసను చిన్నచూపు చూడొద్దు. మొదటి వరసలో పోటీ విపరీతం. అక్కడికే దరఖాస్తు చేసి ఊరుకోవడం ప్రమాదం.

పేర్ల జాబితాలు నమ్మి కూర్చోకండి. చాలా కాలేజీలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని తమ వెబ్‌సైట్లో పెడతాయి. కాలేజీ పేరుకు ఆ మాట చేర్చి వెతికితే దొరుకుతుంది. అందులో బి2 పట్టికలో మొదటి వరస ‘నాన్‌రెసిడెంట్లు’, అంటే విదేశీ విద్యార్థులు ఎంతమందో చెబుతుంది. హెచ్6 దగ్గర వారిలో ఎందరికి కాలేజీ సాయం అందింది, సగటున ఎంత అన్నవి ఉంటాయి. ఉదాహరణకు బి2లో 200, హెచ్6లో 140 మంది, సగటు 62,000 డాలర్లు అని ఉంటే అది ధారాళంగా సాయం చేసే కాలేజీ. 400 మందిలో 25 మందికే అంటే మీ పని కాదు. సగటును జి విభాగంలోని ఏడాది ఖర్చుతో పోల్చండి. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి అది 80,000 డాలర్లు దాటింది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. హెచ్2లో ‘అవసరంలో 100 శాతం తీర్చాం’ అని చూసి సంబరపడతారు. ఆ లెక్క విద్యార్థులందరినీ కలిపి వేసింది, అందులో ఎక్కువమంది అమెరికావారే. విదేశీ విద్యార్థుల సంగతి అది విడిగా చెప్పదు. రెండోది, హెచ్6 సంఖ్యలో ప్రతిభకు ఇచ్చే స్కాలర్‌షిప్పులు కూడా కలిసిపోతాయి. అక్కడి గడుల్లో ‘నీడ్ బేస్డ్’ (అవసరం చూసి ఇచ్చే సాయం) దగ్గర టిక్కు ఉందో లేదో చూశాకే మురవండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మీద మాత్రం, కాలిఫోర్నియావి సహా, ఈ రకం సాయం కోసం ఆశ పెట్టుకోవద్దు.

సాయానికి ఎక్కువచోట్ల ‘సీఎస్ఎస్ ప్రొఫైల్’ అనే ఆన్‌లైన్ దరఖాస్తులో కుటుంబ ఆర్థిక వివరాలు నింపాలి. అక్టోబరు 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16. ఆ రుసుము భారమైతే కాలేజీ సాయం కార్యాలయానికి మెయిల్ రాసి మినహాయింపు కోడ్ అడగండి, మొహమాటం వద్దు. గడువు కాలేజీకో రకంగా ఉంటుంది. సీటు దరఖాస్తు గడువూ ఇదీ ఒకటే అనుకుని చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ప్రశ్న: మాది వ్యవసాయం, రిటర్నులు వేయం. ఆరెకరాలు నగరం పొలిమేరలో ఉంది. సాయం దరఖాస్తుకు ఏ కాగితాలు పెట్టాలి?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: పట్టాదారు పాసుపుస్తకం, పంట అమ్మిన రసీదులు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, ‘మేం రిటర్ను దాఖలు చేయలేదు, కారణం ఇది’ అని ఇంగ్లిష్‌లో సంతకంతో ఒక లేఖ. అసలు చిక్కు భూమి విలువ దగ్గర వస్తుంది. రియల్ ఎస్టేటు ధర కట్టి చూపితే మీరు కోటీశ్వరులుగా కనబడతారు. దాచిపెడితే అబద్ధమవుతుంది. విలువ ఏ ఆధారంతో వేశారో రాయండి. ఆ భూమే జీవనాధారమనీ, అమ్మితే ఆదాయమే ఉండదనీ ప్రత్యేక పరిస్థితులు రాసే చోట నాలుగు వాక్యాల్లో వివరించండి.

మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రాన్ని ఆలోచించకుండా జత చేయకండి. అందులో ఒక అంకె, బ్యాంకు ఖాతాలో మరో అంకె ఉంటే మొత్తం దరఖాస్తు మీదే అనుమానం వస్తుంది. అలాగే వీసా కోసమని కన్సల్టెన్సీవాళ్లు లక్షలకు లక్షలు అప్పు తెచ్చి ఖాతాలో చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రానికి, కాలేజీ భరించే మేరకు సాయం లేఖే ఆధారంగా సరిపోతుంది. మీ వాటా ఎంతో అంతకే నిధులు చూపితే చాలు.

ప్రశ్న: మా బాబు అమెరికాలోనే పుట్టాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో పదకొండో తరగతి. వాడికీ ఇవే నియమాలా?
– ఒక తండ్రి

జవాబు: కావు, మీకు దారి తేలిక. పౌరుడు కాబట్టి అమెరికా ప్రభుత్వ సాయానికి పెట్టే ‘ఫాఫ్సా’ దరఖాస్తు నింపవచ్చు. అర్హత ఉంటే తక్కువ ఆదాయం వారికి ఆ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు వస్తుంది, 2025–26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు. మీకు సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వమిచ్చే గుర్తింపు సంఖ్య) లేకపోయినా ఆ దరఖాస్తు కోసం ఆన్‌లైన్లో తల్లిదండ్రుల ఖాతా తెరుచుకోవచ్చు, రూపాయల ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి చేత్తో ఎక్కించాలి. ఫాఫ్సా సొంతిల్లు లెక్కించదు, సీఎస్ఎస్ మాత్రం దాని వివరాలూ అడుగుతుంది. రాష్ట్ర నివాసులకిచ్చే తక్కువ ఫీజు మాత్రం, అక్కడ కాపురం లేదు కాబట్టి, దక్కదనే అనుకోండి.

ప్రశ్న: ముందు సీటు తెచ్చుకుని, చేరాక సాయం అడగవచ్చా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వద్దు. దరఖాస్తు సమయంలో అడగని విదేశీ విద్యార్థికి తర్వాతి ఏళ్లలోనూ ఇవ్వబోమని చాలా కాలేజీలు రాసే పెడతాయి. రెండో ఏడు డబ్బు చాలక వెనక్కి రావాల్సిన గతి పడుతుంది. అవసరముంటే మొదటే అడగాలి.